ఆటగాళ్లకు క్లాస్ పీకితే మారతారా?

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో మామూలుగా అత్తాకోడళ్లు, ఆస్తి పంపకాలు, పిల్లల చదువులే ఎక్కువ. ఈసారి ఆటలు వచ్చి పడ్డాయి. తప్పు నాదే. కిందటి నెల ఎవరికో జవాబిస్తూ, అమెరికాలో ప్రొఫెషనల్ ఆటగాళ్లకు గృహహింస గురించి, లైంగిక దాడుల గురించి తప్పనిసరిగా క్లాసులు చెబుతారని ఒక్క వాక్యం రాశాను. దాన్ని పట్టుకుని మెచ్చుకున్నవాళ్లు కొందరు, వెక్కిరించినవాళ్లు కొందరు, కోప్పడ్డవాళ్లు చాలామంది. కొన్ని ఉత్తరాలు తీసుకుంటున్నాను. పేర్లు వేయడం లేదు, ఊళ్లు మాత్రం ఉంచాను.

మేం టెక్సాస్‌లో ఉంటాం. మా బాబు హైస్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో ఉన్నాడు (మన ఫుట్‌బాల్ కాదండీ, హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునేది). వాళ్ల కోచ్ వారానికోసారి ప్రాక్టీస్ అయ్యాక పావుగంట కూర్చోబెట్టి అమ్మాయిలతో ఎలా మాట్లాడాలి, గర్ల్‌ఫ్రెండ్ ఫోన్ ఎందుకు చెక్ చేయకూడదు, ఇలాంటివి చెబుతున్నాడట. మావారు 'మనవాడికి గర్ల్‌ఫ్రెండే లేదు, ఈ గొడవంతా ఎందుకు, వాడిని వదిలేయమని ఈమెయిల్ రాయి' అంటున్నారు. రాయనా?
*ఓ తల్లి, ఫ్రిస్కో*

రాయకండి.

మీ అబ్బాయి కోచ్ చెబుతున్నది ఏ పద్ధతో నాకు తెలియదు గానీ, మీరు రాసిన తీరు చూస్తే 'కోచింగ్ బాయ్స్ ఇంటూ మెన్' అనే కార్యక్రమంలాగే ఉంది. 2001లో మొదలైంది. అందులో గొప్ప సిద్ధాంతాలేమీ లేవు. కోచ్ చేతికి కొన్ని కార్డులిస్తారు, సీజన్ పొడుగునా వారానికి ఒక కార్డు చొప్పున పది పదిహేను నిమిషాలు మాట్లాడాలి. ఒక వారం తిట్ల గురించి, ఇంకో వారం 'వద్దు' అంటే ఏమిటనే దాని గురించి, మరో వారం ఫ్రెండ్ ఎవరో అమ్మాయిని ఏడిపిస్తుంటే నువ్వేం చేస్తావన్న దాని గురించి. అంతే. బయటి నుంచి నిపుణులెవరూ రారు. అసలు కిటుకు అక్కడే ఉంది. పదహారేళ్ల కుర్రాడు అమ్మ మాట వినడు, నాన్న మాట వినడు, కౌన్సెలర్ మాట అసలే వినడు. కానీ శుక్రవారం మ్యాచ్‌లో తనని దింపుతాడో లేదో తేల్చే మనిషి మాట మాత్రం చెవులు రిక్కించి వింటాడు.

ఇది పనిచేస్తుందా అని లెక్కలు కట్టి చూశారు కూడా. కాలిఫోర్నియాలో శాక్రమెంటో చుట్టుపక్కల 16 హైస్కూళ్లలో దాదాపు రెండు వేల మంది అబ్బాయిల మీద, ఎలిజబెత్ మిల్లర్ అనే డాక్టరమ్మ నడిపిన పరిశోధన అది. కొన్ని స్కూళ్లలో కోచ్‌లు చెప్పారు, కొన్నింట్లో చెప్పలేదు. సీజన్ అయ్యాక చూస్తే, చెప్పించుకున్న కుర్రాళ్లలో తోటివాడు తప్పు చేస్తుంటే అడ్డుపడే ధోరణి పెరిగింది. ఏడాది తర్వాత మళ్లీ చూస్తే, తాము ప్రేమించిన అమ్మాయిని తిట్టడం, బెదిరించడం, కొట్టడం లాంటివి ఆ గుంపులోనే తక్కువగా ఉన్నాయి, తోటివాడు చేస్తుంటే పక్కన నిలబడి నవ్వడం కూడా తగ్గింది. అద్భుతాలేమీ జరగలేదు, తేడా మాత్రం వచ్చింది. పావుగంట మాటలకి అంతకంటే ఏం కావాలి?

మీవారికి ఒక మాట చెప్పండి. గర్ల్‌ఫ్రెండ్ లేని వయసులోనే ఇవి చెప్పాలి, వచ్చాక చెబితే వాడికది తన మీద పెట్టిన నేరంలా వినిపిస్తుంది. డ్రైవింగ్ మనం కారు కొనకముందే నేర్పిస్తాం కదా.

నేను ఇంజినీరింగ్ చదువుతున్నాను, ఎన్ఎఫ్ఎల్ (ఆ హెల్మెట్ల ఫుట్‌బాల్ లీగ్) రాత్రంతా మేలుకుని చూసే బ్యాచ్. కోట్ల డాలర్లు సంపాదించేవాళ్లని హాల్లో కూర్చోబెట్టి 'భార్యని కొట్టకూడదు నాయనా' అని స్లైడ్లు చూపిస్తే మారిపోతారా? ఇదంతా లీగ్ తన పరువు కాపాడుకోవడానికి ఆడే నాటకం అనిపిస్తుంది. అసలిది ఎలా మొదలైంది?
*హైదరాబాద్*

నాటకం పాలు ఉంది, కాదనను. మొదలైంది కూడా పరువు పోయాకే.

2014 ఫిబ్రవరి 15, అట్లాంటిక్ సిటీలో ఒక కాసినో. బాల్టిమోర్ రేవెన్స్ ఆటగాడు రే రైస్, పెళ్లి చేసుకోబోతున్న అమ్మాయి జనేతో లిఫ్ట్ ఎక్కాడు. తలుపులు తెరుచుకునేసరికి ఆమె స్పృహ లేకుండా పడి ఉంది, ఇతను బస్తాని ఈడ్చినట్టు బయటికి ఈడుస్తున్నాడు. ఆ ఈడ్చే వీడియో నాలుగు రోజుల్లోనే అందరూ చూశారు. అయినా లీగ్ జూలైలో వేసిన శిక్ష ఎంతో తెలుసా? రెండు మ్యాచ్‌లు. అదే ఏడాది జోష్ గోర్డన్ అనే ఇంకో ఆటగాడికి డ్రగ్స్ పాలసీ ఉల్లంఘించాడని ఏడాది సస్పెన్షన్ వేశారు (తర్వాత తగ్గించారనుకోండి). ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని జనం అడగడం మొదలెట్టాక, ఆగస్టులో కమిషనర్ రోజర్ గూడెల్ తను తప్పు చేశానని ఒప్పుకుని, ఇకపై మొదటిసారికి ఆరు మ్యాచ్‌లు, రెండోసారికి బహిష్కరణ అని ప్రకటించాడు. ఇంకో పదిరోజులకి, సెప్టెంబర్ 8న, లిఫ్ట్ లోపలి వీడియో బయటికొచ్చింది. ఒక్క గుద్దు, ఆమె తల రెయిలింగ్‌కి కొట్టుకోవడం, పడిపోవడం. టీమ్ ఆ రోజే అతన్ని తీసేసింది. అంతకు నెలన్నర ముందు అదే ఊళ్లో అదే మనిషి ప్రాక్టీస్‌కి వస్తే స్టేడియంలో జనం లేచి చప్పట్లు కొట్టారు, తర్వాత జెర్సీలు తిరిగిస్తే వేరేవి ఇస్తామంటే వేలమంది క్యూ కట్టారు. లిఫ్ట్‌లో ఏం జరిగి ఉంటుందో ఊహించుకోలేక కాదు కదా, ఊహించుకోవడం ఇష్టం లేక.

ఆ శరదృతువులోనే 32 టీమ్‌లకీ క్లాసులు మొదలయ్యాయి. ఆటగాళ్లకే కాదు, కోచ్‌లకీ, ఆఫీసు సిబ్బందికీ, యజమానులకీ. డిసెంబర్‌లో సెనెట్ కమిటీ ముందు లీగ్ తరఫున వచ్చిన ట్రాయ్ విన్సెంట్, మాజీ ఆటగాడు, తన చిన్నప్పుడు ఇంట్లో అమ్మ దెబ్బలు తినడం గురించి చెబుతూ గొంతు పూడుకుపోయి ఆగిపోయాడు. నాటకం అన్నావు కదా, ఆ రెండు నిమిషాలు మాత్రం నాటకం కాదని నా నమ్మకం.

ఇక క్లాసు సంగతి. మన ఆఫీసుల్లో ఏటా పోష్ ట్రైనింగ్ (పనిచోట లైంగిక వేధింపులు ఆపడానికి ఇచ్చేది) అని ఒక లింకు పంపిస్తారు. నేనొకప్పుడు పనిచేసిన చోట అది ఎలా పూర్తి చేసేవాళ్లమంటే, ఒకరు జవాబులు వాట్సాప్ గ్రూపులో పెట్టేవారు, మిగతా అందరం టీ తాగుతూ నెక్స్ట్ నెక్స్ట్ నొక్కేవాళ్లం. చివర్లో సర్టిఫికెట్టు వచ్చేది. వేధించే పెద్దమనిషికీ వచ్చేది! లాయరొకాయన వచ్చి 'ఇది చేస్తే కాంట్రాక్టు పోతుంది, అది చేస్తే జైలుకి పోతావు' అని గంటసేపు బెదిరించే క్లాసు అంతకంటే గొప్పదేం కాదు. దాంట్లోంచి కుర్రాడు నేర్చుకునేది దొరక్కుండా ఎలా ఉండాలన్నది.

పనికొచ్చే క్లాసు వేరేగా ఉంటుంది. 1993లో బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో జాక్సన్ కాట్జ్ అనే ఆయన ఆటగాళ్ల కోసం ఒకటి తయారుచేశాడు. దాంట్లో నిన్ను నేరస్తుడిగా చూడరు, సాక్షిగా చూస్తారు. ఇరవైమంది కూర్చుంటారు, ఒక సన్నివేశం చదువుతారు. పార్టీలో మీ టీమ్‌వాడు, నిలబడలేనంతగా తాగిన అమ్మాయిని చెయ్యి పట్టుకుని మేడ మీదికి తీసుకెళ్తున్నాడు. నువ్వు చూశావు. ఏం చేస్తావ్? మొదట అందరూ నవ్వుతారు. తర్వాత ఒకడు 'నాకెందుకు' అంటాడు, ఇంకోడు 'వాణ్ణి కొడతా' అంటాడు. ఆ రెంటికీ మధ్య ఎన్ని దారులున్నాయో అప్పుడు వెతికిస్తారు. వాణ్ణి 'రారా, బయట నీ కారు ఎవరో గుద్దేశారు' అని పక్కకి లాగొచ్చు. అమ్మాయి స్నేహితురాళ్లని పిలవొచ్చు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లొచ్చు. కొట్టక్కర్లేదు, ఊరుకోనక్కర్లేదు. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ టీమ్ 1998లోనే ఇది పెట్టించుకుంది, రే రైస్ గొడవకి పదహారేళ్ల ముందు, ఎవరూ అడగకుండా. మిగతా లీగ్‌కి లిఫ్ట్ వీడియో కావాల్సి వచ్చింది.

కాబట్టి నీ ప్రశ్నకు నా జవాబు, ఏడాదికోసారి పెట్టే స్లైడ్ల క్లాసు వల్ల ఎవడూ మారడు. లాకర్ రూమ్‌లో ఒకడు వాగుతుంటే ఇంకొకడు 'ఛ, ఆపరా' అనే పరిస్థితి తెచ్చే క్లాసైతే ఉపయోగం ఉంది. రేపు నువ్వు రాత్రి మ్యాచ్ చూసే బ్యాచ్‌లో కూడా ఎవడో ఒకడు వాగుతాడుగా.

క్లాసులూ లేదు, కౌన్సెలింగూ లేదు. ఆడదాని మీద చెయ్యెత్తినవాణ్ణి జీవితాంతం ఆటలోంచి బహిష్కరించాలి. దెబ్బకి అందరూ దారిలోకి వస్తారు. మీలాంటివాళ్లు మెత్తగా మాట్లాడబట్టే ఇలా తయారయ్యారు.
*రిటైర్డ్ ఉద్యోగి, రాజమండ్రి*

మీ కోపం నాకు అర్థమైంది బాబాయ్ గారూ, కానీ ఆ శిక్ష ముందుగా ఎవరి నోరు మూయిస్తుందో చూడండి.

రే రైస్ కాంట్రాక్టు ఐదేళ్లకి 3.5 కోట్ల డాలర్లు. 2014 మే నెలలో టీమ్ ఒక ప్రెస్ మీట్ పెట్టి భార్యాభర్తలిద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టింది. దెబ్బ తిన్న జనే అక్కడ ఆ రాత్రి తన వంతు పాత్రకు చింతిస్తున్నానని చెప్పింది. టీమ్ దాన్ని తన ట్విట్టర్ ఖాతాలో గొప్పగా పెట్టుకుంది కూడా, సెప్టెంబర్‌లో వీడియో వచ్చాక గప్‌చుప్‌గా తీసేసింది. ఆవిడెందుకు అలా అందో ఆవిడకే తెలియాలి. కానీ ఏ ఆటగాడి భార్యనైనా తీసుకోండి. పోలీసులకి ఫోన్ చేస్తే భర్త ఉద్యోగం పోతుంది, ఇల్లు పోతుంది, పిల్లల బడి పోతుంది, పైగా ఊరు ఊరంతా 'నీవల్లే మా టీమ్ ఓడింది' అంటుంది. ఫోన్ చేస్తుందా? బతుకు మొత్తం పోతుందంటే ఆమే అతన్ని కాపాడుతుంది. మన దగ్గర 'కేసు పెడితే ఆయన గవర్నమెంటు ఉద్యోగం పోతుంది' అని ఎంతమంది ఆడవాళ్లు స్టేషన్ మెట్లు దిగి వెనక్కి వచ్చారో మీ సర్వీసులో మీరే చూసి ఉంటారు.

పోనీ, రాసుకున్న శిక్షయినా వేశారా? ఆరు మ్యాచ్‌ల రూల్ వచ్చిన రెండేళ్లకి, 2016లో, న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు జోష్ బ్రౌన్‌కి వేసింది ఒక్క మ్యాచ్. భార్యని చాలాసార్లు హింసించానని అతను స్వయంగా రాసుకున్న కాగితాలు ఆ అక్టోబర్‌లో పోలీసు రికార్డుల్లోంచి బయటపడ్డాకే టీమ్ అతన్ని పంపించింది. అదీ సంగతి. శిక్ష ఎంత పెద్దదని కాదు, తప్పకుండా పడుతుందా లేదా అన్నదే నాకు ముఖ్యం.

బేస్‌బాల్ వాళ్లు 2015 ఆగస్టులో చేసిన పాలసీ నాకు కాస్త నయం అనిపిస్తుంది. ఆటగాళ్ల యూనియన్‌తో కలిసి కూర్చుని రాసుకున్నారు. కనిష్ఠం, గరిష్ఠం అని శిక్షకు గీత గీయలేదు, కోర్టులో నేరం రుజువయ్యేదాకా ఆగక్కర్లేదు, నిపుణులతో ఒక బోర్డు పెట్టి ఆటగాడికి ఎలాంటి కౌన్సెలింగ్ కావాలో దానికి వదిలేశారు. క్లాసులు ఇంగ్లిష్‌తో పాటు స్పానిష్‌లో కూడా, ఎందుకంటే డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా నుంచి వచ్చినవాళ్లు బోలెడుమంది. అయితే వాళ్లనీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఆ పాలసీ కింద మొదట సస్పెండ్ అయింది అరోల్డిస్ చాప్మన్, 30 మ్యాచ్‌లు, 2016 మార్చిలో. కోర్టులో కేసు పెట్టలేదు గానీ, ఇంట్లో గొడవయ్యాక గరాజ్‌లో ఎనిమిది రౌండ్లు కాల్చాడు. అదే ఏడాది ఇంకో టీమ్ అతన్ని కొనుక్కుంది, నవంబర్‌లో ఆ టీమ్ వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్ లీగ్ ఫైనల్) గెలిచింది, ఊరేగింపులో అతనూ ఉన్నాడు. బంతి గంటకి వంద మైళ్లు విసిరేవాడి మీద మార్కెట్‌కి ఉండే ప్రేమ అలాంటిది.

ఎప్పుడూ మగాళ్ల మీద పడి ఏడవడమేనా? ఆడవాళ్లు కొట్టరా?
*కరీంనగర్*

కొడతారు, వాళ్లకీ శిక్ష పడింది. 2015లో అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగ్‌లో బ్రిట్నీ గ్రైనర్, గ్లోరీ జాన్సన్ అనే ఇద్దరు ఆటగాళ్లు, పెళ్లి చేసుకోబోతున్న జంట, ఇంట్లో కొట్టుకున్నారు. ఇద్దరికీ చెరి ఏడు మ్యాచ్‌లు. మీరు అడిగింది నిజంగా తెలుసుకోవడానికైతే జవాబు ఇదే. నా నోరు మూయించడానికైతే ఇంకో ఉత్తరం రాయండి.

మావారు చాలా మంచివారు. చెయ్యి చేసుకోరు. కానీ మ్యాచ్ ఓడిపోతే మాత్రం మనిషి మనిషి కాదు. మొన్న ఐపీఎల్‌లో గెలుస్తుందనుకున్న మ్యాచ్ చివరి ఓవర్లో పోయేసరికి తింటున్న పళ్లెం గోడకేసి కొట్టారు, నన్ను రాయలేని మాటలు అన్నారు. ఇది మూడో పళ్లెం. మా ఆరేళ్ల బాబు ఇప్పుడు పదిహేనో ఓవర్ నుంచే వంటింట్లోకి వచ్చి నా కొంగు పట్టుకుంటున్నాడు. దీన్ని కూడా గృహహింస అంటారా? ఆటలంటే అంత పిచ్చి, అంతేనా?
*తెనాలి*

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది పళ్లెం కాదు, పదిహేనో ఓవర్.

అమెరికాలో జో టోరీ అని ఒకప్పటి పెద్ద బేస్‌బాల్ మేనేజరున్నాడు, న్యూయార్క్ యాంకీస్‌ని నాలుగుసార్లు వరల్డ్ సిరీస్ గెలిపించినవాడు. వాళ్ల నాన్న పోలీసు డిటెక్టివ్, ఇంట్లో అమ్మని కొట్టేవాడు. చిన్నప్పుడు టోరీ బడి నుంచి వస్తూ ఇంటి ముందు నాన్న కారుందా లేదా చూసేవాడట. ఉంటే ఇంట్లోకి పోకుండా ఫ్రెండ్ ఇంటికి పోయేవాడు. ఇది ఆయన యాభై దాటాక గానీ బయటికి చెప్పుకోలేకపోయాడు. తర్వాత 2002లో భార్యతో కలిసి ఒక ఫౌండేషన్ పెట్టి, స్కూళ్లలో ఇలాంటి పిల్లలు వచ్చి కూర్చుని మాట్లాడుకోవడానికి గదులు పెట్టించాడు, వాటికి వాళ్లమ్మ మార్గరెట్ పేరు పెట్టాడు. ఆయన కారు చూసుకున్నాడు, మీ వాడు స్కోరు చూసుకుంటున్నాడు.

ఆట ఓటమికీ ఇంట్లో హింసకీ సంబంధం ఉందా అంటే ఉంది, లెక్కలున్నాయి. డేవిడ్ కార్డ్, గోర్డన్ డాల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఎన్ఎఫ్ఎల్ మ్యాచ్‌లనీ పోలీసు రికార్డులనీ పక్కపక్కన పెట్టి 2011లో అచ్చువేశారు. గెలుస్తుందనుకున్న సొంత టీమ్ అనుకోకుండా ఓడిన రోజు, భార్యల మీద, ప్రేయసుల మీద మగవాళ్ల దాడులు 10 శాతం పెరిగాయి, అదీ మ్యాచ్ ముగిసే వేళకే. ఓడుతుందని ముందే తెలిసిన మ్యాచ్ ఓడితే పెరగలేదు. ఇంగ్లండ్‌లో లాంకషైర్ పోలీసు లెక్కల్లో మూడు ఫుట్‌బాల్ (మన ఫుట్‌బాలే) ప్రపంచ కప్పులు చూస్తే, ఇంగ్లండ్ ఓడిన రోజు 38 శాతం ఎక్కువ, గెలిచినా డ్రా అయినా 26 శాతం ఎక్కువ. గెలిచినా పెరిగిందన్నమాట! అంటే మ్యాచ్ ఒక సాకు. (అమెరికాలో ఎన్ఎఫ్ఎల్ ఫైనల్, సూపర్ బౌల్ రోజే ఏడాదిలోకెల్లా ఎక్కువమంది ఆడవాళ్లు దెబ్బలు తింటారని ఒక కథ ఉంది, దానికి మాత్రం ఆధారం లేదు, వాట్సాప్‌లో వస్తే నమ్మకండి.)

మీవారు అదే మ్యాచ్ ఆఫీసులో చూస్తుంటే మేనేజర్ ముందు పళ్లెం విసిరేవారా? రాయలేని మాటలు అనేవారా? అనరు కదా. ఎక్కడ అనొచ్చో ఎక్కడ అనకూడదో ఆయనకు బాగా తెలుసు. దాన్ని పిచ్చి అనరు.

మీరు అడిగారు కాబట్టి చెబుతున్నా, అవును, 2005 గృహహింస చట్టం చెయ్యి చేసుకుంటేనే హింస అనదు. బూతులు తిట్టడం, అవమానించడం, భయపెట్టడం, డబ్బులు ఇవ్వకుండా కట్టడి చేయడం అన్నీ అందులో ఉన్నాయి. రేపే కేసు పెట్టమని నేననడం లేదు. ముందు, మ్యాచ్ లేని రోజు చూసి, బాబు కొంగు పట్టుకుంటున్న సంగతి ఒక్కటే ఆయనకు చెప్పండి, మీ బాధ తర్వాత. కొందరు తండ్రులకు అక్కడ తగులుతుంది. ఆయన దానిక్కూడా ఎగిరి పడితే, లేదా పళ్లెం ఎప్పుడైనా మీ వైపు వస్తే, ఆగొద్దు. 181కి ఫోన్ చేస్తే మహిళా హెల్ప్‌లైన్ వాళ్లు మాట్లాడతారు, దగ్గర్లోని సఖి కేంద్రానికి దారి చూపిస్తారు. అప్పటికప్పుడు ప్రమాదమైతే 112. లాయరుకి డబ్బుల్లేవని వెనకాడొద్దు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఉచితంగా లాయర్ని ఇస్తారు, ఆ నంబరు 15100. మీవారి కంట పడే చోట ఈ పుస్తకం పెట్టాలా వద్దా అన్నది మాత్రం మీరే ఆలోచించుకోండి.

నేను ప్రభుత్వ బడిలో పీఈటీని. కబడ్డీ, వాలీబాల్ టీమ్‌లు నడుపుతాను. మా పిల్లలు జిల్లా, స్టేట్ దాకా వెళ్తుంటారు. మీరు చెప్పే అమెరికా ప్రోగ్రాములకి డబ్బులుంటాయి, నిపుణులుంటారు. నాకు బంతులే సరిగ్గా లేవు. నేనేం చేయగలను?
*వరంగల్ జిల్లా*

సార్, మీరు చేయగలిగినంత ఎన్ఎఫ్ఎల్ కమిషనర్ కూడా చేయలేడు, ఎందుకంటే ఆయన దగ్గరికి వచ్చేసరికి పిల్లలు ఇరవై రెండేళ్ల మొనగాళ్లయి ఉంటారు.

పైన ఫ్రిస్కో అమ్మగారికి చెప్పిన కోచ్‌ల కార్యక్రమాన్నే 'పరివర్తన్' అనే పేరుతో ముంబైలో క్రికెట్‌కి మార్చి నడిపారు, బళ్ల కోచ్‌లతోనూ, శివాజీ నగర్ బస్తీలో అక్కడి కుర్రాళ్లతోనూ. పది నుంచి పదహారేళ్ల పిల్లలు. నిపుణులు ముందు కోచ్‌లకి నేర్పారు, కోచ్‌లు పిల్లలకి చెప్పారు. ఆడపిల్లల గురించి అబ్బాయిల ఆలోచనలో మంచి మార్పు కనిపించింది, కళ్ల ముందు తప్పు జరుగుతుంటే అడ్డుపడటంలో అంతగా లేదు. ఇంకో సంగతి, కోచ్‌లే తమ నోటి గురించి ఆలోచించుకోవడం మొదలెట్టారు. పిల్లలకి గౌరవం గురించి చెప్పి, పది నిమిషాల్లో వాళ్లని అమ్మనా బూతులు తిట్టడం కుదరదు కదా.

డబ్బు అక్కర్లేనిది ఒకటి చెబుతాను. ఓడిన టీమ్‌ని మనం ఏమంటాం? 'గాజులు తొడుక్కుని ఇంట్లో కూర్చోండి రా.' నేను చదివిన బడిలో డ్రిల్లు మాస్టారు దాన్ని రోజూ అనేవారు, మేం అమ్మాయిలం నలుగురం పక్క కోర్టులో త్రోబాల్ ఆడుతూ వినేవాళ్లం, చేతులకి గాజులున్నవాళ్లం. ఆయన చెడ్డమనిషి కాదు. ఆ మాట వింటూ పెరిగిన అబ్బాయికి ఆడదంటే ఓడిపోయిన మనిషి అని ఎవరూ విడిగా నేర్పక్కర్లేదు. రేపటి నుంచి ఆ ఒక్క మాట మానేయండి. 'కాళ్లు కదలట్లేదు రా, లైన్ దగ్గర నిద్రపోతున్నావు' అనండి, దాంతో వాడి ఆట కూడా బాగుపడుతుంది.

మీ బడిలో, మీరు వెళ్లే స్టేడియంలో ఫిర్యాదు ఎవరికి చేయాలో గోడ మీద రాసి ఉందో లేదో చూడండి. పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం స్టేడియం, ఆటల హాస్టల్, పోటీలకి వెళ్లే వాహనం అన్నీ పనిచేసే చోటు కిందికే వస్తాయి. 2023 జనవరిలో వినేశ్ ఫోగాట్, సాక్షి మలిక్, బజ్‌రంగ్ పునియా జంతర్ మంతర్ దగ్గర కూర్చుని కుస్తీ ఫెడరేషన్ అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఆరోపణలు చేశాకే (ఆయన వాటిని కాదన్నాడు) మన దేశంలో ఆటల సంఘాల వైపు అందరూ చూశారు. చూస్తే, 30 ఫెడరేషన్లలో సగానికి చట్టం అడిగిన అంతర్గత కమిటీ సరిగ్గా లేదు. ఒలింపిక్ మెడల్ ఉన్నవాళ్లకే రోడ్డెక్కితే గానీ వినేవాళ్లు దొరకలేదు. మీ వాలీబాల్ టీమ్‌లో పదమూడేళ్ల పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది? చెప్పుకుంటే బహుశా మీకే. అప్పుడు 'సర్దుకుపో తల్లీ' అనే హక్కు మీకు లేదు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకి చెప్పడం పోక్సో చట్టం కింద మీ బాధ్యత. 1098 ఆ పిల్లలకి ఉన్న నంబరు, గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి, రంగు డబ్బా ఖర్చే.

ఇక పావుగంట క్లాసు ఎప్పుడు చెప్పాలంటారా? గ్రౌండ్‌లో చెబితే పాఠంలా ఉంటుంది, పిల్లలు తలలు వంచుకుని గడ్డి పీకుతూ కూర్చుంటారు. టోర్నమెంట్‌కి వెళ్లే బస్సు మంచి చోటు. కిటికీలోంచి అమ్మాయి కనిపిస్తే కేకలేసేదీ, ఫోన్‌లో ఫొటోలు చేతులు మారేదీ, ఒకడు అంటుంటే మిగతావాళ్లు నవ్వేదీ అక్కడే. ఎవరు నవ్వుతున్నారో, ఎవరు నవ్వలేక కిటికీ వైపు తిరిగారో చూడండి. ఆ తిరిగినవాడితో దిగాక టీ కొట్టు దగ్గర మాట్లాడండి, మీకు దొరికిన మొదటి మనిషి వాడే. మీరు మామూలుగా డ్రైవర్ పక్కన ముందు సీట్లో కూర్చుంటారనుకుంటా. ఈసారి వెనక సీట్లో కూర్చోండి సార్.